దారి అడగనిదే కదలని జిలానీ

ఆకివీడు పొలిమేర దాటగానే జిలానీ మళ్లీ కారాపాడు. పొద్దుటి నుంచి ఇది పదిహేడోసారి. ఏలూరులో ఇరవయ్యేళ్లుగా టాక్సీ నడుపుతున్న ఈ మనిషికి ఒకటే జబ్బు. దారి అడగనిదే బండి కదలదు. ఇది రెండువేల ఆరు నాటి మాట. ఫోన్లోంచి ఆడగొంతు దారి చెప్పే రోజులింకా రాలేదు. వచ్చినా జిలానీ ఆ గొంతును కూడా రెండోసారి అడిగేవాడే.

వెనక సీట్లో మలేషియా దేవరాజు తల పట్టుకున్నాడు. వాళ్ల దేశంలో కారు అద్దెకిస్తే తాళం చేతికిస్తారు. ఏలూరులో కారుతో పాటు జిలానీని ఇచ్చారు. "ఉత్త కారు ఎలా ఇస్తామండీ, బాగోదు కదండీ," అన్నాడు ఓనరు, కూర లేకుండా అన్నం వడ్డించమన్నట్టు.

"తోవ తెలుసునా?" అని బయలుదేరేటప్పుడే దేవరాజు తాతల నాటి తెలుగులో అడిగాడు.

"ఎందుకు తెలీదండీ!" అన్నాడు జిలానీ. అంటూనే వీధి మలుపులో ఆపి, "ఏవండీ, తాడేపల్లిగూడెం ఎటండీ?" అని ఒకావిణ్ణి అడిగాడు. అది జిలానీ సొంత వీధి. ఆవిడ పక్కింటావిడ.

గూడెంలో బస్సు డ్రైవర్ని అడిగాడు. గణపవరంలో పెళ్లి ఊరేగింపుని, బాజాలు ఆపించి మరీ అడిగాడు. ఒకచోట మనుషులెవరూ కనపడక, వెనక్కి తిరిగి దేవరాజునే అడిగాడు.

దేవరాజుకి ఇంక ఈ ఒక్క సాయంత్రమే మిగిలింది. కొల్లేటి గూడబాతుల్ని, అదే పెలికాన్ పక్షుల్ని, చూడాలని ఏడేళ్లుగా అనుకుని వచ్చాడు. అవి గూళ్లు కట్టే ఆటపాక పక్షుల కేంద్రానికి ఆరింటికి గేటు మూసేస్తారట. ఇప్పుడు ఐదుంపావు.

రోడ్డు పక్క పాక ముందు, మంచం మీద నల్లకళ్లద్దాల ముసలాయన నిత్యానందం కూర్చుని ఉన్నాడు.

"బాబాయిగారూ, ఆటపాక ఎటండీ?"

"మళ్లీ మర్చిపోయావుట్రా జిలానీ!" ముసలాయన మొహం విప్పారింది. "నీకు స్టీరింగు నేర్పినందుకు నన్ను చెప్పుతో కొట్టాలి! ఎడమకి తిరుగు..."

ఎడమన ఉన్నవి ఒక రైసుమిల్లు, దాని అవతల చేపల చెరువు, అంతే. దేవరాజు అరవడానికే కారు దిగాడు. ముసలాయన భార్య రత్నం మజ్జిగ గ్లాసుతో అడ్డం వచ్చింది.

"అరవకండి బాబూ," అంది గుసగుసగా. "ముప్పయ్యేళ్లు చేపల లారీ తోలారీయన. చూపు పోయాక, నేనెవరికీ అక్కర్లేదని అన్నం మానేశారు. జిలానీ వచ్చి దారి అడిగాడండి. ఆ పూట మారు వడ్డించుకు తిన్నారు."

"మరి ఊరందరినీ ఎందుకు అడుగును?"

"ఈయన్నొక్కరినే అడిగితే అనుమానం రాదాండీ? దారిన పోయే డ్రైవర్లంతా ఇక్కడే ఆగుతారు. 'జిలానీ నన్నూ అడిగాడండోయ్' అని వాళ్లు చెప్తేనే ఈయన నమ్ముతారు."

దేవరాజు గడియారం చూసుకున్నాడు. ఐదున్నర. మజ్జిగ తాగి, మంచం దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, గూడబాతుల్ని ఎచట నిలబడి చూడవలె?"

"మీకూ తెలీదా! ఇద్దరికిద్దరూ దొరికారు!" నిత్యానందం మఠం వేసుకుని కూర్చున్నాడు. పావుగంట చెప్పాడు. అందులో పనికొచ్చేది ఒక్కటే: "గేటు దాకా ఎందుకండీ? ఊరికి ఇవతల కల్వర్టు మీద ఆగండి. పొద్దు వాలితే అవి మన నెత్తి మీంచే గూళ్లకి పోతాయి."

జిలానీ ముసలాయనకు వినపడేలా హారన్ కొట్టి కారు ఎడమకి తిప్పాడు. రైసుమిల్లు వెనక నుంచి చప్పుడు చేయకుండా మళ్లీ రోడ్డెక్కాడు.

ఆరు దాటింది, గేటు మూసే ఉంటుంది. వాళ్లు కల్వర్టు మీదున్నారు. ఒకటి, పది, ఇరవై, ఇంక లెక్క తప్పింది. తెల్లటి రెక్కలు తలల్ని రాసుకుపోతున్నంత దగ్గరగా వెళ్లాయి. ఒక పక్షి దేవరాజు కొత్త చొక్కా మీద సంతకం కూడా పెట్టింది. అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఏలూరు లాడ్జి ముందు దిగి దేవరాజు దణ్ణం పెట్టబోయాడు. ఎదురుగా జిలానీ లేడు. వెళ్లొస్తానని కూడా అనకుండా, కారక్కడే వదిలేసి, వీధి మలుపు తిరిగి తన ఇంటికి నడిచిపోయాడు. ఎవర్నీ ఏమీ అడగకుండా.