పొట్టేలు చెవిలో నీళ్లు

“తాగినాడని రాస్తే నీకేం పోతాదమ్మా? తాగినోడి మాట ఎవురు పట్టించుకుంటారు?”

“మా ఇంటాయన ఏపొద్దూ సారా ముట్టలేదు మామా. నీకు తెల్దా?”

“తెలిసే చెప్తాండా. తెలివిలో ఉండి అన్నాడంటే మూడేండ్లు లోపలుంటాడు.”

“ఆయన నోటితో అన్నాడు. చెవిలో నీళ్లు పోసింది నీ చెయ్యి కదా. నువ్వు ఇంట్లో ఉండావు, ఆయన జైల్లో ఉండాడు.”

చెప్పులు విప్పబోయిన మునిరాజ వాకిట్లోనే ఆగిపోయాడు. లోపల మాట్లాడుతున్నది అతని వదిన నంజమ్మ, ఊరి గంగమ్మ గుడి పూజారి బాలప్ప. బాలప్ప ఆ మాట విననట్టే బయటికొచ్చి, మడిచిన కాగితం ఒకటి మునిరాజ జేబులో కుక్కాడు.

“మీ అన్న చేత వేలిముద్ర ఏపించుకొని రా. ఇది ఇస్తే కేసు పెట్టినోళ్లు బెయిలుకి అడ్డం పడరు. వచ్చే మంగళవారం జాతర. ఆ లోపల ఇంటికొచ్చేస్తాడు.”

మునిరాజ అన్న రామచంద్రప్ప గొర్రెల మనిషి. కురబలకోట పక్కన మెట్ట ఊరు. బడికి పోలేదు గానీ, పుంగనూరు సంతలో పొట్టేలు పళ్లు చూసి వయసు చెప్పాలంటే అతన్నే పిలిచేవాళ్లు. ఎండాకాలం గడ్డి మాడిపోతే మందను తోలుకుని కుప్పం దాకా నడిచేవాడు. మంగళవారం ఒంటిపొద్దు ఉండేవాడు. దేవుడు లేడని జన్మలో అన్నవాడు కాదు. అలాంటి మనిషిని దైవదూషణ కింద లోపల వేశారు.

జరిగింది ఇంతే. వాళ్ల ఊళ్లో పొట్టేలును బలిచ్చే ముందు దాని వీపు మీద పసుపు నీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు. ఆ రోజు బి.కొత్తకోట నుంచి వచ్చినవాళ్ల పొట్టేలు గంటన్నర కదల్లేదు. బిందెలు బిందెలు పోశారు. ఎండలో దానికి నురగ కారుతోంది. చూడలేక రామచంద్రప్ప నోరు తెరిచాడు.

“యాల దాన్ని అట్ట సతాయిస్తారు? చెవిలో రొండు సుక్కలు పోస్తే ఏ గొర్రైనా విదిలిస్తాది. దాంట్లో అమ్మోరు ఏముండాది?”

బాలప్ప చెవిలో పోశాడు. పొట్టేలు విదిలించింది. డప్పులు మోగాయి. అందరూ తృప్తిగా భోజనాలు చేశారు.

గొర్రెల గురించి అన్నకు తెలిసినంత ఎవడికీ తెలియదని మునిరాజకు గర్వం. అదంతా ఫోన్లో వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. ఎవరో ముందూ వెనకా కత్తిరించి పంపారు. ఆ ముక్కలో బాలప్ప చెయ్యి లేదు, అన్న మాట మాత్రం మిగిలింది. మదనపల్లెలో ఒక కేసు, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. పెట్టినవాళ్ల మొహాలు కూడా రామచంద్రప్ప ఎరగడు. పోలీసులు ఇంటికి వచ్చిన రోజు మునిరాజ భయపడి అసలు వీడియోను తన చేత్తోనే చెరిపేశాడు. ఆ సంగతి అన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

యాభై రెండు రోజులైంది. రామచంద్రప్ప మంద జీవాలను సంతలో ఎవరూ ముట్టుకోవడం లేదు. అమ్మవారికి పనికిరావట. నంజమ్మ బోరింగు దగ్గరికి పోతే మిగతా ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకుంటున్నారు.

మరునాడు మునిరాజ మదనపల్లె పోయి సబ్‌జైల్లో ములాఖత్ రాయించుకున్నాడు. జాలీ వెనక అన్న సగమయ్యాడు. గడ్డం నెరిసింది. వచ్చీరాగానే అడిగింది గొర్రెల గురించే.

“సూడి గొర్రె ఈనిందా?”

“ఈనిందిన్నా. పిల్ల బతకల్యా.”

మునిరాజ కాగితం తీసి చదివాడు. తాగిన మత్తులో అబద్ధం చెప్పాను, అమ్మవారి ముందు చెంపలేసుకుంటాను, క్షమించండి అని ఉంది.

“మళ్లీ సదువు. అబద్ధమని ఉండాదా?”

“ఉండాది. రాతలో ఉంటే ఏమైతాదిన్నా, ఇంటికొస్తావు. ఈడ బెయిలొస్తే కుప్పం కేసులో మళ్లీ తీసకపోతారంట. ఇది ఇస్తే అన్నీ ఒక్కసారే తేలిపోతాయి.”

“కుప్పమా? పోనీలే. ఆ దారి నాకు కొత్త కాదు.” నవ్వబోయి దగ్గాడు. “ఒరే, తాగినానని రాసుకోనీ, పడతా. చెంపలేసుకోమంటే అమ్మోరి ముందు ఏసుకుంటా, నాకేం సిగ్గు. అబద్ధమని ఆమె ముందరే ఎట్ట చెప్పేది? ఆమెకు తెలీదా గొర్రె చెవి సంగతి?”

“నా వల్లే ఇదంతా. వీడియో కూడా నేనే చెరిపేసినా. అది ఉండుంటే...”

“తెలుసు. స్టేషన్లో నీ ఫోను తెరిసినప్పుడే చెప్పినారు.”

కానిస్టేబుల్ టైమైందని కర్రతో గోడ మీద కొట్టాడు. మునిరాజ కాగితం జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే నలుపుతున్నాడు. రామచంద్రప్ప జాలీకి మొహం ఆనించాడు.

“మన మొక్కుబడి పొట్టేలు ఉండాది కదా, నల్లమచ్చది. మంగళవారం దాన్ని నువ్వే గుడికి తోలుకొని పో. బాలప్పను పొయ్యనీయొద్దు, నీళ్లు నువ్వే పొయ్యి. వీపు మీద పొయ్యి, చెవిలో సుక్క పడనీయొద్దు. ఎవురేమన్నా మాట్లాడొద్దు, పొద్దు గూకేదాకా నిలబడు. విదిలిస్తే సరే. విదిలించలేదా, దాన్ని ఇంటికి తోలుకొని రారా.”