వియ్యపురాలు కాపలా ఉన్న రాత్రి

1984 వేసవిలో నన్ను గురజాల ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా గొప్పదే గాని, రాత్రిపూట డ్యూటీ డాక్టరునూ, కోసేవాణ్ణీ, మత్తు ఇచ్చేవాణ్ణీ నేనే. ఇసిజి యంత్రం ఉండేది. అందులో వేసే కాగితం మాత్రం ఎప్పుడడిగినా జిల్లా స్టోర్సు నుంచి వస్తూనే ఉండేది, చేరేది కాదు.

ఒక రోజు పొద్దున మాచవరం వైపు మిరప రైతు కోటయ్యకు హెర్నియా ఆపరేషన్ చేశాను. ఆ రాత్రి నర్సు కబురంపింది, నాడి నిమిషానికి నూట ముప్ఫై కొడుతోందని. ఆపరేషనయిన మనిషికి నాడి పరుగెడితే సర్జన్‌కు ముందు తట్టేది, లోపల రక్తం కారుతోందేమోనని. కారుతుంటే మళ్ళీ కోయాలి. ఎక్కించడానికి రక్తం గుంటూరులో తప్ప దొరకదు. ఆయన గదికి చేరేసరికి నా నాడి కూడా ఆయనదానికి తీసిపోలేదు.

మంచం పక్కన స్టూలు మీద అంజమ్మగారు కూర్చుని ఉన్నారు. కోటయ్య కూతురి అత్తగారు, అంటే ఆయనకు వియ్యపురాలు. సాయంత్రం నుంచి కొంచెం కొంచెంగా తాగొచ్చని నేను చెప్పిన మాట పట్టుకుని గ్లాసు మీద గ్లాసు మజ్జిగ తాగిస్తున్నారట. పిల్లనిచ్చినవాడు, వద్దంటాడా?

జ్వరం లేదు. కట్టు పొడిగా ఉంది. బీపీ పడిపోలేదు సరికదా, కాస్త ఎక్కువే ఉంది. రక్తం పోతుంటే అలా ఉండదు. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు. మూత్రం అయిందా అంటే, దుప్పటి ఛాతీ దాకా లాక్కుని, "అన్నీ అయినయ్యి డాక్టరుగారూ" అన్నాడు. నుదురంతా చెమట. నాకు నిజంగా భయం వేసింది. గుంటూరుకు జీపు సిద్ధం చేయమని డ్రైవరును లేపించాను.

పంపే ముందు పొట్ట చూడాలి గనక, ఆయన వద్దంటున్నా వినకుండా దుప్పటి తీశాను. బొడ్డు కింద చెంబు బోర్లించినట్టు ఉబ్బు. వేలితో తడితే మొద్దు చప్పుడు. కాస్త నొక్కగానే కోటయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని స్టూలు వైపు చూశాడు. నిండిపోయిన మూత్రాశయం అది. నడుముకు మత్తు ఇచ్చినవాళ్ళకు మూత్రం ఆగడం మామూలే. ఈయన విషయంలో దానికి మర్యాద కూడా తోడైంది.

అంజమ్మగారిని బయటికి వెళ్ళమన్నాను. "అదేంది డాక్టరుగారూ, అన్నయ్యగారికి ఇట్టా ఉంటే వదిలేసి పోయిందని రేపు ఊరంతా అనరా?" అని ఆవిడ కదల్లేదు. ఇప్పుడు చేసే పరీక్షకు గదిలో ఆడవాళ్ళు ఉండకూడదని గవర్నమెంటు రూలు ఉందన్నాను. అలాంటి రూలేదీ లేదు. నర్సు కూడా నమ్మి బయటికి నడిచింది.

కోటయ్యను మంచం పక్కన నిలబెట్టి, చేతికి సీసా ఇచ్చాను. అది నిండింది. రెండోదాని కోసం నేనే వెతుక్కోవలసి వచ్చింది. గొట్టం వేయనక్కర లేకుండానే కాసేపటికి నాడి తొంభైకి దిగింది. "నీ కడుపు చల్లగుండ" అని కోటయ్య దణ్ణం పెట్టాడు. డ్రైవరును పడుకోమన్నాను.

అంజమ్మగారు లోపలికొచ్చి ఆయన మొహం చూశారు. "చానా నీరసపడ్డారు అన్నయ్యగారూ, ఇంద" అని మళ్ళీ గ్లాసు నింపారు. నేను నాడి పట్టుకుని ఉండగానే కోటయ్య రెండో చేత్తో అందుకున్నాడు. నా వేళ్ళ కింద నాడి మళ్ళీ పరుగందుకుంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పాటించిన పద్ధతి ఆ రాత్రి నేర్చుకున్నదే. నాడి పరుగెడుతున్న రోగిని ఏదైనా అడిగే ముందు, మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఆయనకు ఏమవుతారో కనుక్కుని, ముందు వాళ్ళను బయటికి పంపాలి.