బస్సు రాని స్టాపులో విఠలయ్య సాబ్

ఏప్రిల్ ఎండకు కాలిన స్టీలు బెంచీ మీద కూర్చోగానే చురుక్కుమంది. లేచి నిలబడ్డాను. మాదన్నపేట మార్కెట్టు ఎదుట ఈ బస్సు షెల్టరు కట్టిన మహానుభావుడెవరో గాని, ఎండ పడే వైపు బెంచీ వేసి నీడ పడే వైపు ప్రకటనల బోర్డు పెట్టాడు. వెనక నుంచి వాడిన కొత్తిమీర, చితికిన టమాటాల వాసన వస్తోంది. బస్సు మాత్రం రావడం లేదు. ఈ బెంచీ కాలినప్పుడల్లా నాకు విఠలయ్య సాబ్ గుర్తొస్తారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన మీద నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఆయన మీద ప్రేమ కూడా అంతే, ఎక్కడికీ పోలేదు.

విఠలయ్య గారు శాసనమండలి సభ్యులు. ఉస్మాన్‌గంజ్‌లో మూడు తరాలుగా ఎండుమిర్చి హోల్‌సేల్ చేసే కుటుంబం వాళ్లది. తమ్ముళ్లు కార్లలో తిరిగేవారు, ఈయనకు మాత్రం బస్సుల పిచ్చి. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మెంబరు సాబ్ అనేవారు, పక్కకు తిరగగానే బస్సు సాబ్ అనేవారు. ప్రభుత్వాలు మారినా ఆయన అడిగేవి మారలేదు. ఏ బస్సు ఎందుకు ఆగింది, ఆ డబ్బు ఎటు పోయింది? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గాని, మండలిలో లెక్క తిరగబడుతుంది. అక్కడ అడిగేవాడే లోకువ.

డిగ్రీ అయ్యాక, టైపింగు నేర్చుకుని, మిర్చి దుకాణం పైనున్న ఆయన ఆఫీసుకు పని కోసం వెళ్లాను. మెట్లెక్కుతుంటేనే ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. నా సర్టిఫికెట్లు ఆయన తెరవనే లేదు.

"ఏ బస్సుకొచ్చినవ్ బిడ్డా?" అన్నారు.

"షేరింగ్ ఆటోల వచ్చిన సార్. బస్సు బందయింది కద."

"బందయిందని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు సార్? వస్తలేదు, గంతే!"

నా గొంతులో విసుగు విని ఆయన టేబుల్ మీద అరచేత్తో కొట్టారు. "గిదే గావాలె నాకు. రేపటి నుంచి రా."

ఆ విసుగు నిజానికి మా అమ్మది. అమ్మ పేరు మరియమ్మ. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఆయాగా చేసేది. చాంద్రాయణగుట్ట నుంచి మాదన్నపేట మీదుగా అటు పోయే పొద్దుటి బస్సే ఆమెకు ఆధారం. నష్టాలొస్తున్నాయని ఎవరికీ చెప్పా పెట్టకుండా దాన్ని ఆపేశారు. షేరింగ్ ఆటో నిండితే గాని కదలదు. ఆలస్యంగా వెళ్తే హాజరు పడదు, హాజరు పడకపోతే ఆ రోజు జీతం రాదు. ఇట్లాగే ఆలస్యమవుతూ ఉంటే పనిలోంచి తీసేస్తామని కాంట్రాక్టరు మనిషి మొహం మీదే చెప్పాడు. అట్లాంటి రోజుల్లో, బస్సు లేని అదే స్టాపులో, తళతళలాడే ఈ స్టీలు షెల్టరు లేచింది. లైట్లు కూడా పెట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

దాని మీద ప్రశ్న రాయమని సాబ్ నాకే అప్పగించారు. మండలిలో ప్రశ్నను అ, ఆ, ఇ అని ముక్కలుగా రాయాలి. నేను మా అమ్మ కోపమంతా పోసి రాశాను. 'పేదల బస్సును రద్దు చేసి ప్రజాధనాన్ని షెల్టర్ల పాలు చేయుట వాస్తవమేనా?' ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి నవ్వారు.

"మస్తు రాసినవ్. ఇగ జవాబు గూడ రాయి."

"నేనెట్ల రాస్త సార్?"

"నేన్ చెప్త విను. అ, లేదండి. ఆ, ప్రశ్న ఉత్పన్నం కాదు. ఇ, ఉత్పన్నం కాదు. అయిపాయె. నీ కోపమంత మూసీల కలిసె!"

మొదటి ముక్కకు వాళ్లు లేదన్నారంటే మిగతావన్నీ వాటంతటవే రాలిపోతాయి. అందుకని మొదటి ముక్కలో లేదనే సందు ఇవ్వకూడదు. విశేషణాలు తీసెయ్, తిట్లు తీసెయ్, ఒక్క సంగతే అడుగు అనేవారు. నాలుగుసార్లు తిరగరాయించి, చివరికి నా కాగితం పక్కన పడేసి తానే రాశారు. 'ఉదయం వేళ మాదన్నపేట మీదుగా నడిచే బస్సును నిలిపివేసిన విషయం వాస్తవమేనా?' ఆగిన బస్సును ఆగలేదని ఎవరంటారని ఆయన ధీమా.

అన్నారు. సభకు ముందు రోజు జవాబు ప్రతి మా చేతికొచ్చింది. 'లేదండి. సదరు బస్సు ప్రతి ఉదయం రెండు ట్రిప్పులు నడుస్తున్నది.' తక్కినవి ఉత్పన్నం కావు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సాబ్ మాత్రం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నడుస్తుందంట కద. రేపు గదే బస్సెక్కి మండలికి పోదాం. టికెట్ చూపెట్టి మంత్రిగారికి శుక్రియా చెప్త."

"సార్, అది రాదు. లేటయితే మీ ప్రశ్న పోతది. తమ్ముని కారు తెప్పియ్యుండ్రి."

"బస్సు గురించి అడిగేటోడు కార్ల దిగితే సిగ్గనిపియ్యదా? రాకపోతే గదే నా జవాబు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదించగలరు?

మర్నాడు పొద్దున్నే తెల్ల లాల్చీ వేసుకుని ఈ బెంచీ మీదే కూర్చున్నారు. పక్కన నేను, మా అమ్మ. ఆయనంతటి మనిషి కూర్చున్నారని మర్యాద కొద్దీ అమ్మ కూడా ఒక ఆటోను వదిలేసింది. మొదటి ట్రిప్పు వేళ దాటింది. సాబ్ రోడ్డు వైపు చూస్తూ, కూరగాయల వాళ్లందరికీ జవాబు కాగితం చదివి వినిపిస్తున్నారు. జనం నవ్వుతున్నారు. అమ్మ నవ్వలేదు. ఇంకో ఆటో రాగానే టిఫిను సంచి భుజానికి తగిలించుకుంది.

"నేను పోతున్న సార్. మీరు కూసోండ్రి. బస్సు రాకపోతే మీ జీతం ఆగదు. నా నౌకరి పోతది."

ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడైనా లేవచ్చు కదా! రెండో ట్రిప్పు కూడా చూద్దామన్నారు. అదీ రాలేదు. నేను చెయ్యి పట్టుకుని గుంజి ఆటో ఎక్కించేసరికి చాదర్‌ఘాట్ దగ్గర బండ్లన్నీ ఇరుక్కుపోయి ఉన్నాయి. మేము మండలి గేటు దగ్గర దిగేటప్పటికి ఆయన ప్రశ్న వచ్చిపోయింది. పేరు పిలిచారట. సభ్యులు సభలో లేరన్నారట. జవాబు ఇచ్చినట్టుగానే నమోదైంది. అంటే ఆ రోజు నుంచి ప్రభుత్వ రికార్డులో మా బస్సు నడుస్తూనే ఉంది.

కారిడార్‌లోనే ఆయన మీద అరిచేశాను. "మీ పంతం గెలిచింది సార్. మా అమ్మకేమొచ్చింది?" అన్నాను. ఆయన గోడకు ఆనుకుని, "తప్పు నాదే బిడ్డా," అన్నారు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకునేటప్పుడు అంత చిన్నగా అయిపోతారని నాకప్పుడే తెలిసింది.

తర్వాతి సమావేశాల దాకా నెలలు గడిచాయి. ఈసారి ప్రశ్న ఒక్క ముక్కే. 'మాదన్నపేట షెల్టరు వద్ద ఆగే బస్సుల నంబర్లు ఏవి?' లేదండి అనడానికి వీల్లేదు. ఆ రోజు ఆయన తమ్ముడి కారులో, అందరికంటే ముందు వెళ్లి కూర్చున్నారు. నేను పైన గ్యాలరీలో ఉన్నాను. మంత్రిగారు కాగితాలు తిరగేశారు, వెనక్కి తిరిగి అధికారుల వైపు చూశారు, మళ్లీ తిరగేశారు. సభంతా నవ్వింది. అప్పుడు సాబ్ అనుబంధ ప్రశ్న వేశారు. "అధ్యక్షా, బస్సు లేని జాగల షెల్టరు ఎవరు కూసుండనీకి కట్టిన్రు?" పొద్దుటి బస్సును పునరుద్ధరిస్తామని మంత్రిగారు హామీ ఇచ్చారు. కొన్ని వారాలకు నిజంగానే వేశారు.

ఆ కబురు తీసుకుని మిఠాయి డబ్బాతో సాబ్ మా ఇంటికొచ్చారు. అమ్మ గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"మరియమ్మా, రేపటి నుంచి బస్సొస్తది."

"సంతోషం సార్," అంది అమ్మ చేట మీది నుంచి తల ఎత్తకుండానే. "నేనిప్పుడు ఏడికి పోవాలె?"

ఆమెను పనిలోంచి తీసేసి అప్పటికి నెల దాటింది. ఆ సంగతి నేను సాబ్‌కు చెప్పలేదు. నోరు తెరిస్తే మళ్లీ అరుస్తానని భయం. ఆయన మిఠాయి డబ్బా గడప పక్కన పెట్టారు. ఆసుపత్రికి పోయి మాట్లాడతానన్నారు. "నా జాగల ఇంకో ఆమె వచ్చింది సార్. ఆమెకూ పిల్లలున్నరు. ఆమెను తీపిచ్చి నన్ను పెట్టొద్దు," అంది అమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న మనిషి మొహం ఎట్లా ఉంటుందో ఆ సాయంత్రం చూశాను.

మర్నాడు ఆఫీసులో నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డారు. "ఇగ నుంచి ప్రశ్న రాసేముంగట పైన రెండు ముచ్చట్లు రాయి బిడ్డా. ఎవరికి గావాలె, ఎప్పటిలోపల గావాలె. సభకు పంపేటప్పుడు కొట్టెయ్. మనకు మాత్రం యాదుండాలె." ఆ తర్వాత ఉన్నన్నాళ్లూ ఆయన అట్లాగే పనిచేశారు. కొన్నిసార్లు సభ దాకా ఆగకుండా డిపోకు పోయి లొల్లి పెట్టుకునేవారు. ఇంటికొచ్చి అన్నం తినేవారు కాదని వాళ్లావిడ నా మీద విసుక్కునేది.

ఆయన పోయాక ఆ బస్సు మళ్లీ ఆగిపోయింది. పగటి పూట ఎప్పుడైనా ఒకటి వస్తుందేమోనని నాలాంటి వాళ్లు ఇక్కడ ఇంకా నిలబడుతూనే ఉన్నారు. నేను ఇప్పుడు మరో సభ్యురాలి దగ్గర అదే పని చేస్తున్నాను.

"అక్కా, బస్సొస్తదా?" పక్కన నిలబడ్డ పిల్ల అడిగింది. ఆసుపత్రి యూనిఫాం మీద చున్నీ కప్పుకుంది.

"నీ డ్యూటీ ఎప్పుడు?"

"రెండింటికి. నిన్న గూడ లేటయింది అక్కా. ఇంకోసారి లేటైతే రావొద్దన్నరు."

నేను రోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తి ఒక ఆటో ఆపాను. ముందు ఆ పిల్లను ఎక్కించి, తర్వాత నేనెక్కాను. ఆటో కదిలాక పేరడిగితే షబానా అంది. ఫోను తీసి కొత్త ప్రశ్న మొదలుపెట్టాను. 'అ' అని కొట్టకముందే పైన ఆమె పేరు రాశాను. దాని కింద, ఎప్పటిలోపల అన్నచోట, రేపటికి అని రాశాను.