చెయ్యి సగం ఎత్తే మావయ్య

రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా పక్క క్వార్టర్ మావయ్య, చెయ్యి సగం ఎత్తి "ఒక మాట సెప్పనా?" అని అడగకుండా ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. వర్క్‌షాప్ యూనియన్ మీటింగుల్లో అబ్బిన అలవాటట. కూర బాగుందని అత్తయ్యతో చెప్పాలన్నా అంతే.

గోల్‌బజార్ బట్టల వ్యాపారి దగ్గర చేసిన అప్పు ఎప్పుడో తీర్చేశాడు. అప్పు తీరిన రోజు ఇద్దరూ కలిసి రసగుల్లా తినడమే ఆ బజార్లో రసీదు. ప్రామిసరీ నోటు చింపేశానని వ్యాపారి అంటే మావయ్య నమ్మాడు. ఆ వ్యాపారి పోయాక కొడుకు అదే నోటు పట్టుకుని కోర్టుకెక్కాడు.

ఇలాంటి దావాలో మన వాదన వినిపించాలంటే ముందు కోర్టు అనుమతి అడగాలని వకీలు చెప్పగానే మావయ్య ముఖం వెలిగింది. "అడగడమే కదా బాబూ! పుట్టినకాడ్నుంచి అదే పని సేస్తన్నాను."

మేదినీపూర్ కోర్టుకు నేనే తోడు వెళ్లాను. అనుమతి దొరికింది. కాకపోతే అవతలివాళ్లు అడుగుతున్న సొమ్మంతా ముందు కోర్టులో జమ చేయాలట. చేయకపోతే తీర్పు వాళ్ల వైపే. మావయ్య చెయ్యి సగం లేచింది. అప్పటికే ఇంకో కేసు పిలిచారు.

సొమ్ము పుట్టలేదు, గడువు దాటిపోయింది. ఆ ఆదివారం నేను వాళ్లింట్లోనే భోజనానికి కూర్చున్నాను. అత్తయ్య చేపల పులుసు వడ్డించి, "ఏటి, ఉప్పు సరిపోనాదా?" అని అడిగింది.

మావయ్య చెయ్యి ఎత్తలేదు.

"సెప్పాలంటే ముందు డబ్బు కట్టాల కదే," అన్నాడు, కంచంలోంచి తల ఎత్తకుండా.