పొట్లకాయ మంజీర

మా అమ్మ లక్ష్మీనరసమ్మ మంచిదే గానీ, ఊరికే వచ్చిన వస్తువంటే ఆమెకి బొత్తిగా నమ్మకం లేదు. 1971లో నాన్నకి కొత్త ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, తెనాలి నుంచి పటాన్‌చెరు వచ్చాం. పోలియో వల్ల నాకు నడక లేదు. అందుకని అమ్మే ఇంట్లో చదువు చెప్పేది. ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి పాసైతే, నన్ను ఎనిమిదిలో చేర్చుకుని కింది గదిలోనే కూర్చోబెడతానని హైస్కూలు హెడ్మాస్టరు మాటిచ్చారు. తప్పితే నా చదువు అంతటితో సరి. ఎందుకంటే అమ్మ చదివిందీ ఏడే.

పక్కింటి పుష్పమ్మ ఊరూరా జరిగే వారపు అంగళ్ళలో కూరగాయలు అమ్మేది. ఒకరోజు గంపలోంచి పాత పుస్తకాల కట్ట తీసింది.

"అక్కా, మా బిడ్డ పోయినేడు ఏడు పాసైంది. గీ పుస్తకాలు ఊకెనే పడున్నయ్. పాపకు సదువు చెప్పు. పైసలేం వద్దు."

అమ్మ నవ్వుతూ తీసుకుంది. పుష్పమ్మ అటు వెళ్ళగానే ఆ కట్టని ఆవకాయ జాడీ కింద ఎత్తుగా పెట్టింది! ఆపైన బెజవాడలోని ఒక ట్యుటోరియల్ వాళ్ళకి మనియార్డరు పంపింది. వాళ్ళు నెలనెలా పోస్టులో పాఠాలు పంపుతారట.

"చేతిలో పుస్తకాలుండగా ఇదెందుకే?" అన్నాడు నాన్న.

"మనవైపు చదువు వేరండీ."

ఆ 'మనవైపు' అన్న మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. బియ్యం మనవైపువే బాగుంటాయి, చింతపండు మనవైపుదే బాగుంటుంది, ఇప్పుడు చదువూనా?

పాఠాలు అచ్చు చక్కగా, శుభ్రంగా ఉండేవి. కృష్ణా జిల్లా కాలవలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. పరీక్ష నెలన్నర ఉందనగా నాన్న దరఖాస్తు ఇవ్వడానికి సంగారెడ్డి వెళ్ళి, నిరుటి ప్రశ్నపత్రం తెచ్చాడు. సోషల్లో మొదటి ప్రశ్న: మెదక్ జిల్లా పటం గీసి మంజీర నదిని, ముఖ్యమైన ఊళ్ళను గుర్తించండి.

పరీక్షపత్రం ఏ జిల్లాకి ఆ జిల్లాయే తయారుచేస్తుందని మాకెవరికీ తట్టలేదు.

"మంజీర ఎక్కడుందండీ?" అంది అమ్మ. నాన్నకి ఫ్యాక్టరీ గేటు తప్ప ఏమీ తెలియదు.

అమ్మ పరుగున వెళ్ళి జాడీ ఎత్తింది. అన్నిటికంటే పైనున్నది సోషల్ పుస్తకమే. నూనె పేజీ పేజీకీ దిగి, జిల్లా పటం ఎర్రటి మరకైపోయింది. నది జాడే లేదు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడే పుష్పమ్మ వచ్చింది. అమ్మ జాడీ సంగతితో సహా ఏదీ దాచకుండా చెప్పేసింది. పుష్పమ్మ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత మరక చూసి నవ్వింది.

"ఆవకాయకు నా పుస్తకమే దొర్కిందా అక్కా? సరే, ఏడుస్తే ఏమొస్తది? జెర జరుగు."

గంప దించి నేలమీద వంకాయ పెట్టింది. "గిది సంగారెడ్డి." బెండకాయ పెట్టి హత్నూర అంది, టమాటా పెట్టి సిద్దిపేట అంది. చివరికి వంకర తిరిగిన పొడుగాటి పొట్లకాయ తీసింది.

"సూడు బిడ్డా, మంజీర గిట్ల బీదర్ దిక్కుకెల్లి వస్తది. సంగారెడ్డి కాడ మర్లుతది. ఇగ మెదక్ దిక్కు పోతది."

పుష్పమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ అంగడంగడికీ తిరిగిన మనిషి, ఏ నేలలో ఏం పండుతుందో, ఏ వాగు ఎందులో కలుస్తుందో గడగడా చెప్పేది. నెలన్నర పాటు రోజూ మా గదిలో జిల్లా పరిచాకే కూరగాయలు బజారుకి వెళ్ళాయి. నిజం చెప్పొద్దూ, లెక్కలు మాత్రం బెజవాడ పాఠాలే బాగా నేర్పాయి.

ఆ ఏడూ పటం ప్రశ్న వచ్చింది. నా పెన్సిలు సంగారెడ్డి దగ్గర సరిగ్గా పొట్లకాయ వంపు తిరిగింది.

ఫస్టుక్లాసులో పాసయ్యాను! అమ్మ నన్నెత్తుకుని హైస్కూలుకి వెళితే, సోషల్లో తొంభై ఒకటి చూసి హెడ్మాస్టరు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఏ ట్యుటోరియల్లో చేర్పించారమ్మా?"

అమ్మ గబగబా బయటికి వెళ్ళి, మాతో వచ్చి గేటు దగ్గరే గంపతో నిలబడ్డ పుష్పమ్మని చెయ్యిపట్టి లోపలికి తెచ్చింది.

"ఈవిడేనండీ మా ట్యుటోరియల్. చదువు ఊరికే చెప్పింది. విలువ తెలియక నేనే ఆలస్యం చేశాను."

హెడ్మాస్టరు లేచి గంప దించడానికి చెయ్యి వేశారు. పుష్పమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సారూ, పాపను కింది గదిల కూసోబెడ్తనన్నరట. ముందుగాల గా గది సూపియ్యుండ్రి."

అమ్మ నన్ను ఎత్తుకుంది. హెడ్మాస్టరు ముందు నడుస్తుంటే, గది చూడ్డానికి ముగ్గురం కలిసే వెళ్ళాం.