పాసేజ్‌లో లేని జవాబులు

షేర్ ఆటో ఎల్లారెడ్డిగూడ దగ్గరికొచ్చి సిటీ బస్సు వెనక ఇరుక్కుపోయింది. ముగ్గురు పట్టే వెనక సీట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. చివరనున్న రుద్రమ్మ ఒళ్లో జిరాక్స్ కాగితం పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. పక్కనున్న పెద్దావిడ గొడుగును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, మెడ సాచి, అదే కాగితాన్ని ఆమెకంటే ముందే చదివేసింది.

"ఇంగ్లీషు పాసేజా? బాగుంది. ఎవరికమ్మా, బాబుకా పాపకా?"

"నాకే."

"అహ, అది కాదు. నువ్వు చదివి వాళ్లకు చెప్తావు కదా. ఏ క్లాసు వాళ్లు?"

"వాళ్లెవ్వరు లేరమ్మా గిండ్ల. పదో తరగతి నేనే రాస్తున్న. పరీక్ష నాది."

ఆటో డ్రైవర్ అద్దంలోంచి ఒకసారి చూశాడు. "మస్తున్నదక్కా. కలెక్టర్ అయినంక మమ్మల్ని సుత జర యాదుంచుకో. గా కాలు లోపలికి తీస్కో, పక్కనుంచి బండ్లు పోతున్నయ్."

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. రుద్రమ్మ కాలు లోపలికి తీసుకుంది గానీ కాగితం మడవలేదు.

ఈ "ఎవరికి" అన్న ప్రశ్న ఆమెకు కొత్త కాదు. ఓపెన్ స్కూల్‌లో పేరు రాయించుకున్నప్పుడూ అడిగారు, గైడు కొన్నప్పుడూ అడిగారు. నలభై దాటిన ఆడమనిషి చేతిలో పుస్తకం కనబడితే అది ఎవరో పిల్లల సంచిలోంచి జారిపడిందనే అనుకుంటుంది ఈ నగరం. చదువు చరిత్రంతా ఇలాంటి అనుమానాలతోనే నడిచినట్టుంది. ఎవరు చదవొచ్చు, ఎవరు చదవకూడదు అని కొంతకాలం కొట్టుకున్నారు. పైకి చదవాలా, లోపల చదువుకోవాలా అని కొంతకాలం వాదించుకున్నారు. ఇప్పుడు అమీర్‌పేటకు వస్తే, అసలు చదవకుండా గట్టెక్కడం ఎలాగో కూడా నేర్పేవాళ్లు దొరుకుతారు. మైత్రీవనం చుట్టూ మేడల నిండా కోచింగ్ బోర్డులు, బోర్డుల కింద కరపత్రాలు పంచేవాళ్లు. భుజాన బ్యాగున్న ప్రతి కుర్రవాడి చేతిలోనూ ఒక కాగితం కుక్కుతారు. ఆ దారిన ఏళ్లుగా నడుస్తున్నా రుద్రమ్మ చేతికి ఎవరూ ఇవ్వలేదు. ఒకరోజు తనే ఆగి, చెయ్యి చాపి ఒకటి లాక్కున్నంత పని చేసింది. పైథాన్ కోర్సు అట. పైనుంచి కిందికి చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

పెద్దావిడ పేరు కుసుమకుమారి. రాజమండ్రి నుంచి వచ్చి, ఇక్కడి ప్రైవేటు స్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరైంది. ఇప్పుడు అమీర్‌పేట సందులో ఒక జిరాక్స్ షాపు పైన గది తీసుకుని, సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. బస్సు కదిలి ఆటో ముందుకు పోయేసరికి ఆవిడ సగం విషయం రాబట్టింది: మిగతా సబ్జెక్టులన్నీ పాసైపోయింది, ఇంగ్లీషు ఒక్కటే రెండుసార్లు తప్పింది.

"పొద్దున పూట ఖాళీగానే ఉంటాను. వచ్చెయ్యి. నేను చెప్తాను."

"ఫీజు తీసుకుంటెనే వస్త మేడం."

"అబ్బ, అదంతా తర్వాత చూద్దాంలే."

రుద్రమ్మ రెండుసార్లు మళ్లీ ఫీజు మాట ఎత్తింది. రెండుసార్లూ మేడం ఈగను తోలినట్టు చెయ్యి ఊపింది.

రుద్రమ్మ పని పంజాగుట్టలో, ఒక చీరల షోరూములో. లేడీ గార్డు. నీలం చొక్కా, ప్యాంటు, చేతిలో బీప్‌మనే మెషిన్. లోపలికొచ్చే ఆడవాళ్లను పరదా గదిలోకి పిలిచి, బ్యాగు తెరిచి చూసి, "పొండ్రి అమ్మా" అనాలి. కూర్చోవడానికి లేదు. గార్డుల మీద సూపర్‌వైజర్ మహేశ్. గార్డులను పెట్టే ఏజెన్సీ వాళ్లు సెలవులు, డ్యూటీల సంగతులన్నీ ఫోన్ గ్రూపులో ఇంగ్లీషులో పెడతారు. మహేశ్ వాటిని తెలుగులో చెబుతాడు. పెద్ద మెసేజ్ వచ్చినా అతని నోట్లోంచి చిన్న ముక్కే రావడం రుద్రమ్మ చాలాకాలంగా గమనిస్తోంది. ఈ వేసవి తర్వాత లేడీ సూపర్‌వైజర్‌ను పెడతామని, పదో తరగతి మెమో ఉన్న మనిషి కావాలని ఏజెన్సీ చెప్పింది. ఆ పని తనదని రుద్రమ్మ ఆ రోజే తేల్చుకుంది. అడ్డంగా ఇంగ్లీషు ఒక్కటే ఉంది.

మేడం గదిలో మొదటి పాఠమే తగాదాతో మొదలైంది. ఒక అబ్బాయికి బస్సులో పర్సు దొరుకుతుంది, తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో ఇస్తాడు, అతను నిజాయితీపరుడు. అదీ పాసేజ్. ఎందుకిచ్చాడు అని ప్రశ్న. 'భయపడి' అని రాసింది రుద్రమ్మ.

"భయమని ఎక్కడుందమ్మా ఇందులో?"

"కెమెరాలుంటయి గద మేడం. మా షాపుల గూడ దొరికిన పర్సు తెచ్చిచ్చేటోళ్లు ముందుగాల్ల కెమెరా దిక్కే చూస్తరు."

"పాసేజ్‌లో కెమెరా లేదు."

"బస్సుల ఉంటది."

"ఈ బస్సులో లేదు! ఉన్నా నీకనవసరం. పాసేజ్‌లో ఏముందో అదే రాయాలి. నీకు తెలిసింది, నువ్వు చూసింది, నీ ఊళ్లో జరిగింది, ఏదీ వద్దు. ముందు ప్రశ్నలు చదువు. ప్రశ్నలో ఉన్న మాట పాసేజ్‌లో ఎక్కడుందో వెతుకు. ఆ లైను దించెయ్యి. అంతే."

"మరి మిగిలింది ఎవరు సదువుతరు?"

"ఎవరూ చదవక్కర్లేదు. దిద్దేవాళ్లు కూడా చదవరు. నేనూ దిద్దాను కట్టలు కట్టలు."

ఇన్నేళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషి ఆ మాట అనడం రుద్రమ్మకు నచ్చలేదు. అయినా నేర్చుకుంది. రెండుసార్లు తప్పింది దీనివల్లనే అని ఆమెకు అప్పుడు తెలిసింది. పరీక్షలో ప్రతి పాసేజ్‌తోనూ కూర్చుని మాట్లాడేది, కొన్నిటితో పోట్లాడేది, ఇంతలో గంట కొట్టేవారు. ఇప్పుడు బయటి సంగతులు బయటే విడిచి లోపలికి పోవడం అలవాటు చేసుకుంది. పాఠం పాఠానికి మార్కులు పెరిగాయి. కాకపోతే ఒక్క మొండితనం వదల్లేదు. ముందు మొత్తం చదువుతుంది, తర్వాతే ప్రశ్నలకు పోతుంది. "లేటవుతావు" అని మేడం అంటే, "జల్దీ సదువుడు నేర్సుకుంట గని, సదువకుంట రాయ" అంటుంది.

ఇంట్లో మొగుడు హనుమాండ్లు ప్లంబర్. పనినుంచి వచ్చి బియ్యం కడిగి పెట్టేస్తాడు. "నువ్వు సదువుకో, నేను ఆమ్లెట్ ఏస్త" అంటాడు, ఆమె ఏదో పెద్ద యంత్రం విప్పి బిగిస్తున్నట్టు దూరంనుంచి చూస్తూ. ఈ సంగతి ఆమె మేడంకు నవ్వుతూ చెప్పింది కూడా.

షోరూములో మధ్యాహ్నం జనం పలచబడ్డప్పుడు పరదా గదిలో నిలబడే చదివేది. బయట తోటి గార్డు రుఖియా కాపలా.

"రుద్రక్కా, వస్తుండు వస్తుండు! కాగజ్ లోపల పెట్టు, జల్దీ!"

పెట్టేలోపే మహేశ్ పరదా తీశాడు. "ఏందక్కా, గిది షాపా, స్కూలా?"

"కస్టమర్లు లేరు గద తమ్మీ."

"లేకుంటే నిలవడాలె. సదువుడేంది? రెండుసార్లు ఫెయిలైనవ్ గద, ఇంక ఎందుకు ఈ ఫికర్? గీసారి నీది పోతే బయటికెల్లి ఒక పిల్లను తెస్తమని ఏజెన్సీ సార్ చెప్పిండు. మానస అని, పది పాసైంది, ఇంగ్లీష్ గూడ దంచుతదట."

"నాది పోతే గద."

"పోదా?"

"పోదు. నువ్వు పొద్దుగాల సదివిన మెసేజ్ జర మల్ల సదువు. కింద ఇంకో రెండు లైన్లున్నయి."

రుఖియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మహేశ్ ఫోన్ జేబులో వేసుకుని, "సిగ్నల్ లేదు" అంటూ మెట్లెక్కి పోయాడు.

"క్యా బోలీ అక్కా! కింద ఏముండె?" అంది రుఖియా.

"అందరికి తిరిగి తిరిగి ఆదివారం సెలవియ్యాలె అని ఉండె. నాకు రెండు మాటలు సరిగ తెల్వలే. అర్థం మాత్రం గదే."

ఏప్రిల్ ఎండలు ముదిరాయి. పరీక్ష వారంలోకి వచ్చింది. ఆ ఉదయం రుద్రమ్మ ట్యూషన్ గదిలోకి వెళ్లేసరికి కుసుమకుమారి మంచి హుషారుగా ఉంది.

"ఈరోజు గైడ్లో పాసేజ్ కాదు. నీకోసం రాత్రి కూర్చుని నేనే రాశాను. ప్రశ్నలు కూడా నావే. తీసుకో."

గుండ్రటి చేతిరాత. రుద్రమ్మ చదవసాగింది. సీత ఒక బీద స్త్రీ. ఒక పెద్ద చీరల కొట్టు గుమ్మం దగ్గర రోజంతా నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్లే ధనవంతులను చూసి, తన జన్మలో అలాంటి చీర కట్టలేను కదా అని కన్నీరు పెట్టుకుంటుంది. ఆమె భర్త తాగుబోతు. ఫీజు కట్టే స్తోమత లేక ఆమె చదువు ఆగిపోయింది. ఒకనాడు దయగల ఒక టీచరు ఆమెను చూసి జాలిపడి, ఉచితంగా చదువు చెప్పింది. సీత ఆ టీచరు పాదాలకు నమస్కరించింది.

ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చేసింది రుద్రమ్మ. ఒక్క మాటకూ అర్థం అడగలేదు. అడగలేదన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు. ఒళ్లు మండుతున్నప్పుడు అది ఏ భాషలో మండుతోందో ఎవరు చూసుకుంటారు?

కింద నాలుగు ప్రశ్నలు. సీత ఎందుకు ఏడ్చింది? ఆమె భర్త ఎలాంటివాడు? సీతకు ఎవరు సాయం చేశారు? ఆమె జీవితం నుంచి మనం ఏం నేర్చుకోవాలి?

ఆమె పెన్ను తీసింది. మేడం గది మూల స్టవ్ మీద టీ పెడుతోంది. టీ పొంగేలోపే నాలుగూ అయిపోయాయి. కుసుమకుమారి ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో ఎర్ర పెన్ను పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇంగ్లీషు కొంచెం వంకరగా ఉంది గానీ, రాసింది మాత్రం సూటిగా ఉంది.

సీత ఏడవలేదు. ఆ చీరలు బరువు, ఆమెకు నచ్చవు. ఆమె భర్త తాగడు. అన్నం వండుతాడు. సీత సాయం అడగలేదు. ఫీజు ఇస్తానంది, టీచరే తీసుకోలేదు. నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఆమె పని చేస్తుంది, పరీక్ష రాస్తుంది.

మేడం టీ గ్లాసు కింద పెట్టింది.

"ఇది నువ్వు కాదు రుద్రమ్మా. ఊరికే, ప్రాక్టీసు కోసం..."

"గట్లయితే గా సీతను చీరల కొట్ల ఎందుకు నిలవెట్టినవ్ మేడం? పండ్ల బండి పెట్టియ్యకపోయినవా?"

"పేరు మార్చాను కదమ్మా!"

"పేరొక్కటే మార్సినవ్. మొగడు తాగుతడని నేనెప్పుడు చెప్పిన?"

"అబ్బా, పాసేజ్ అన్నాక కాస్త కష్టం ఉండాలి. లేకపోతే ప్రశ్నలెలా వస్తాయి?"

"ఉన్న కష్టం అడిగితే చెప్తుంటి గద. నిలవడి నిలవడి మడిమెలు గుంజుతయి. మెసేజులు మాకు సగమే సదివి చెప్తరు. గవి రాయొచ్చు. ఏడుపెందుకు? కాళ్లు మొక్కుడెందుకు?"

కుసుమకుమారి ముఖం ఎర్రబడింది. ఆవిడకు కోపం కంటే నొప్పే ఎక్కువ తగిలింది. రాత్రంతా కళ్లజోడు తుడుచుకుంటూ రాసింది మరి. ఎవరి గురించైనా మంచిగా రాయాలంటే ముందు వాళ్లను ఏడిపించాలని ఆవిడకు ఏ పాఠ్యపుస్తకం నేర్పిందో. చాలా పుస్తకాలు అదే నేర్పుతాయి.

"చూడు, పాసేజ్‌లో ఉన్నదే రాయాలని మొదటిరోజే చెప్పాను. దీని ప్రకారం నాలుగింటికీ సున్నా."

"ఎయ్యి మేడం. సున్నానే ఎయ్యి."

ఎర్ర పెన్ను కాగితం దాకా వచ్చి ఆగింది.

"పరీక్షలో కూడా ఇలాగే తిరగబడతావా? నీ ఉద్యోగం ఏమవుతుంది? ఇంకా లెటర్ రైటింగ్ చెప్పనే లేదు. ఇప్పుడు అలిగితే నష్టం ఎవరికి?"

"పరీక్షల పేపర్ల ఏముంటే గదే రాస్త. గాళ్లు ఏది రాసినా ఊకుంట. గాళ్లకు నేనెవరో తెల్వదు." రుద్రమ్మ పెన్ను మూత పెట్టింది. "నీకైతే ఎరుకే."

కుసుమకుమారి కాగితాన్ని తనవైపు తిప్పుకుని మళ్లీ మొదటి జవాబు నుంచి చదవడం మొదలుపెట్టింది. రుద్రమ్మ బ్యాగు జిప్పు లాగింది. టీ ముట్టుకోలేదు. లెటర్ రైటింగ్ సంగతి మనసులో ముల్లులా గుచ్చుకుంది. దాన్ని గైడ్లోనే చూసుకోవాలి, బట్టీపట్టి రుఖియాకు అప్పజెప్పాలి. కష్టమే. కానీ ఈ గదిలో రేపు పొద్దున మళ్లీ కూర్చుని సీతలా తలూపడం అంతకంటే కష్టం.

చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. కింద జిరాక్స్ మెషిన్ ఎవరివో సర్టిఫికెట్లు కక్కుతోంది. సందు చివర మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక మేడం బాల్కనీలోంచి గొంతు వినబడింది.

"రుద్రమ్మా! రేపు ఎన్నింటికొస్తావ్?"

షేర్ ఆటో ఒకటి ఆమె పక్కకొచ్చి నెమ్మదించింది. వద్దని చెయ్యి ఊపి, మెట్రో లైను నీడ పట్టుకుని, పంజాగుట్ట వైపు నడిచింది రుద్రమ్మ. వెనక్కి తిరిగి చూడలేదు.