ఎబెన్ రింటౌల్ మన్నించే కర్ర

ఎబెన్ రింటౌల్‌కి ఒకటే జబ్బు. గోల్ఫ్ మైదానంలో కొట్టిన ప్రతి దెబ్బకీ చేతిలో ఉన్న కర్రకి థాంక్స్ చెప్పేవాడు.

బంతి బాగా పోయినప్పుడు చెబితే వింత లేదు. ముళ్లపొదల్లో పడ్డా చెప్పేవాడు, ఇసుక గుంటలో కూరుకుపోయినా చెప్పేవాడు. టోపీ తీసి, గొంతు సవరించుకుని, బ్యాంకు మేనేజరుతో మాట్లాడుతున్నంత మర్యాదగా "చాలా థాంక్స్" అనేవాడు. స్కాట్లండు తూర్పు తీరాన పోర్ట్ కెలీలో మనుషులు కట్టుకున్న పెళ్లానికి కూడా పండక్కి తప్ప థాంక్స్ చెప్పరు. అలాంటి ఊళ్లో చేపల వ్యాను నడిపి రిటైరైన డెబ్బై నాలుగేళ్ల మనిషి కర్రతో మాట్లాడుతుంటే చూడ్డానికి ఎన్ని కళ్లయినా చాలవు.

ఒకసారి బంతి తిన్నగా వెళ్లి సముద్రంలో పడింది. ఎబెన్ టోపీ తీశాడు.

"దీనికి కూడానా?" అన్నారు పక్కవాళ్లు.

"ఊరి బంతే అయినా ఇన్నాళ్లూ సముద్రం దగ్గర్నుంచి చూడలేదు పాపం."

ఇంకోసారి బంతి గోల్ఫ్ క్లబ్బు కెప్టెన్ కారు అద్దం పగలగొట్టింది. కెప్టెన్ కారులోనే ఉన్నాడు. "చాలా థాంక్స్," అన్నాడు ఎబెన్ కర్రతో. కెప్టెన్ మొహం కందగడ్డ అయ్యేసరికి, "అద్దం పక్కనే మీ తల ఉంది కదండీ, అందుకని," అన్నాడు.

ఆ కర్రని ఫెయిర్‌వే వుడ్ అంటారు. పేరుకి చెక్క, ఉన్నది ఇనుము. పచ్చిక మీదున్న బంతిని దూరంగా కొట్టడానికి వాడతారు. వీటిలో మన్నించే రకం ఒకటుంది. బంతి నడిమధ్య తగలకుండా అంచుకి తగిలినా, పోనీలే పాపం అన్నట్టు తిన్నగానే పంపిస్తుంది. తనది ఆ రకంలోకెల్లా దయగలదని ఎబెన్ ఊరంతా చెప్పుకునేవాడు. భార్య రోనా దానికి ఊలుతో ముదురు గోధుమరంగు కుచ్చుటోపీ అల్లింది. ఆ టోపీ తీసేది కొట్టేముందే, మళ్లీ తొడిగేది కొట్టిన మరుక్షణమే. చలికి ఓర్చుకోలేదట.

ఆ ఏడు స్ట్రూవన్ ఊరితో జరిగే కప్పు పోటీకి ఎబెన్‌కి జంటగా ఎల్స్పెత్ గెడెస్‌ని వేశారు. వేశారనడం తప్పు. ఆమెతో ఆడటానికి ఎవరూ ముందుకి రాకపోతే ఈయనే అడిగి వేయించుకున్నాడు.

ఎల్స్పెత్ బడిలో వంటమనిషి. ఒకప్పుడు ఆటలో ఆడవాళ్లలో ఆమెని మించినవాళ్లు లేరు. రెండు చలికాలాల కిందట మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, ఇంక భయం లేదని డాక్టరు చెప్పాడు. అది ఆమెకి అర్థమైంది గాని చేతికి ఎక్కలేదు. కర్ర ఎత్తితే చాలు చెయ్యి బిగుసుకుపోయి, బంతి నెత్తిమీద తట్టినట్టయి, అది కుందేలులా పది గజాలు దొర్లి ఆగేది. ఈ పోటీ అయ్యాక కర్రలన్నీ అమ్మేస్తానని ఇంట్లో చెప్పేసి మరీ వచ్చింది.

పోటీలో జంటకి ఒకటే బంతి. అది గుంతలో పడేదాకా ఒక దెబ్బ ఒకరు, తర్వాతది ఇంకొకరు కొట్టాలి. ఒకరు పాడుచేసింది రెండోవాళ్లు బాగుచెయ్యాలి. ఎల్స్పెత్‌కి అదే నరకంగా ఉంది.

"సారీ," అంది మొదటి దెబ్బకే.

"ఎవరికి?"

"మీకే, ఎబెన్ గారూ."

"నాకెందుకమ్మా? దెబ్బ తిన్నది బంతి. దానికి చెప్పుకో."

మూడు గుంతలు దాటేసరికి సారీలు పద్నాలుగయ్యాయి. ఎబెన్ తన సంచీ దించి, కర్రకి కుచ్చుటోపీ తీసి ఆమె చేతికిచ్చాడు.

"దీంతో కొట్టు. ఎంత తప్పుగా కొట్టినా మన్నిస్తుంది."

"తల ఇంత చిన్నదేంటండీ? ఆ రకం వాటికి గుమ్మడికాయంత ఉంటుంది కదా."

"కొత్తగా వచ్చినవి ఇలాగే ఉంటున్నాయి. కొట్టు."

"తప్పిపోతే?"

"తప్పు కొట్టడానికే ఇచ్చాను. బాగా కొట్టేటట్టయితే నా కర్ర నాకిచ్చెయ్."

తప్పు కొట్టమని ఇంతవరకు ఆమెతో ఎవరూ అనలేదు. సరే, తప్పే కొడదామని భుజాలు వదులు చేసి కర్ర తిప్పింది. టప్పున ఒక చక్కని చప్పుడైంది. రెండేళ్లుగా ఆమె వినని చప్పుడు అది. చేతికేమీ తెలియనే లేదు. బంతి పసుప్పచ్చ పూలపొదలు దాటి, గాలిని చీల్చుకుంటూ పోయి, ఎక్కడ పడాలో అక్కడే పడింది.

ఎబెన్ టోపీ తీసి కర్రకి థాంక్స్ చెప్పాడు.

"మరి నాకో?"

"నువ్వేం చేశావు? అంతా అదే చేసింది."

ఎల్స్పెత్ నవ్వింది. అక్కణ్నుంచి ఆట మారిపోయింది. స్ట్రూవన్ జంటలో పోస్ట్‌మన్ డూగల్ పిరీ గట్టివాడు. వాడూ ఒక ఫెయిర్‌వే వుడ్‌తో బంతుల్ని తాడు కట్టి లాగినట్టు పంపుతున్నాడు. వాడు కొట్టినప్పుడల్లా ఎబెన్ అటు తిరిగి మెల్లగా థాంక్స్ అంటున్నాడు.

"మీరు ఏ ఊరి తరఫున ఆడుతున్నారసలు?" అంది ఎల్స్పెత్.

"మంచి దెబ్బ కదమ్మా. ఊరుకోలేకపోయాను."

చివరి గుంతకి వచ్చేసరికి రెండు జంటలూ సమానం. అందరూ చుట్టూ చేరారు. వాగు దాటించి జెండా దగ్గరికి కొట్టాలి. ఎల్స్పెత్ కొట్టింది. బంతి వాగు దాటి, దొర్లి, గుంతకి రెండడుగుల దూరంలో ఆగింది. ఆ రెండడుగులూ ఎబెన్ నెడితే ఒక్క దెబ్బ తేడాతో కప్పు పోర్ట్ కెలీది. సమమైతే కప్పు ఉన్నచోటే, అంటే స్ట్రూవన్‌లోనే ఉంటుంది.

ఎబెన్ నెట్టాడు. బంతి గుంత అంచుదాకా వెళ్లి, లోపలికి తొంగిచూసి, పక్కకి తప్పుకుంది.

పదకొండేళ్లుగా రాని కప్పు పన్నెండో ఏడూ రాలేదు. జనం మూలిగారు. ఎబెన్ ఎల్స్పెత్ వైపు తిరిగి, "సా..." అనబోయాడు.

"ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే ఊరుకోను," అంది ఎల్స్పెత్. అని ముసలాయన్ని కావలించుకుంది. కప్పు పోయినందుకు ఏడవాల్సిందిపోయి నవ్వుతున్న మనిషిని జనం అప్పుడే మొదటిసారి చూశారు.

మర్నాడు ఆమె మైదానం పక్కనున్న లాక్లన్ గోల్ఫ్ సామాన్ల దుకాణానికి వెళ్లింది. "ఎబెన్ గారి కర్ర ఉంది చూడు, మన్నించేది. అచ్చంగా అలాంటిదే నాక్కావాలి."

లాక్లన్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అది మన్నించే కర్ర అని నీకెవరు చెప్పారు?"

"ఆయనే."

"ఆయన దగ్గర అలాంటిది ఉండేది, కాదనను. నాలుగేళ్ల కిందట డూగల్‌కి నడుం పట్టేసి ఆట మానేస్తానంటే, 'ఇది నాకు నప్పలేదు, పారేద్దామనుకుంటున్నా' అని చెప్పి వాడికిచ్చేశాడు. నిన్న వాడు మిమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది దాంతోనే. ఇప్పుడు ఈయన దగ్గరున్నది నా పాత కర్రల పీపాలోంచి ఏరుకున్నది. మహా పొగరుబోతు. నడిమధ్యకి వెంట్రుకవాసి తప్పినా పళ్లు జివ్వుమంటాయి."

"మరి నిన్న నేను..."

"నడిమధ్యలోనే కొట్టావు. పొద్దుణ్నుంచి సాయంత్రందాకా. అదేం సాయం చెయ్యలేదు నీకు, చెయ్యడం దానికి రాదు."

ఎల్స్పెత్ తన మణికట్టు వంక చూసుకుంది. "ఆ పొగరుబోతుని ఇంకా ఎంతమందికిచ్చాడు?"

"చర్చి ఫాదరుకి, దంతాల డాక్టరుకి, నాకు. ఎవరి ఆట కుంటుపడితే వాళ్లకి."

"నీకా? అమ్మింది నువ్వే కదా, నీకు తెలీదూ?"

"తెలుసు. కానీ పక్కన నిలబడి మన్నిస్తుందిలే అంటాడు చూడు, నమ్మాననిపించింది," అన్నాడు లాక్లన్, కొంచెం సిగ్గుపడుతూ.

ఆ మధ్యాహ్నం ఎల్స్పెత్ వేడివేడి మటన్ పైలు, అంటే లోపల కూర పెట్టి కాల్చిన గుండ్రటి రొట్టెలు, చేసి గుడ్డ కప్పి, ఎబెన్ ఇంటికి పట్టుకెళ్లింది. రోనా టీ పెట్టడానికి లేచింది.

"ఏంటమ్మా ఇది? నేను పాడుచేసిన ఆటకి బహుమానమా?" అన్నాడు ఎబెన్.

"బుధవారం మళ్లీ ఆడదాం, అది చెబుదామని వచ్చాను. ఇంటివాళ్లు కర్రల్ని అమ్మకానికి పెట్టబోతే గట్టిగా తిట్టాను."

ఎబెన్ ఒక పై ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు నమిలాక, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. "లాక్లన్ దగ్గరికెళ్లావట?"

"వెళ్లాను. మీదాంటిది కావాలని అడిగాను."

నమలడం ఆగింది. "ఏమన్నాడు?"

పొయ్యి దగ్గర రోనా చెయ్యి కూడా ఆగింది. ఎల్స్పెత్ ఆయన మొహంలోకి చూసింది. గడ్డం మీద రొట్టె పొడి అంటుకుని ఉంది. కళ్లు మాత్రం తప్పుచేసి దొరికిపోయిన మనిషివి.

"లేదన్నాడు," అంది.

ఎబెన్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "ఉండదు మరి. అలాంటివి ఇప్పుడు చెయ్యట్లేదమ్మా."

"నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు చెయ్యట్లేదు," అని ఎల్స్పెత్ రెండో పై ఆయన ప్లేటులో పెట్టింది.